మొదటి క్వార్టర్‌లో రెండో ఫౌల్

పోయిన చలికాలం ఒక శుక్రవారం రాత్రి, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో స్నేహితుడి ఇంట్లో నలుగురం కూర్చుని ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ మ్యాచ్ చూస్తున్నాం. మిరపకాయ బజ్జీలు అయిపోయాయి, టీ ఇంకా రాలేదు. మొదటి క్వార్టర్ సగం గడిచిందో లేదో, ఒక జట్టు సెంటర్ మీద, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడి మీద, రెండో ఫౌల్ పడింది. రీప్లే రెండుసార్లు వేశారు. చెయ్యి తగిలిందంటే తగిలింది, లేదంటే లేదు. కోచ్ తల అడ్డంగా ఊపి అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. మాకెవరికీ అదేం పెద్ద సంగతి అనిపించలేదు. మావాడొకడు మాత్రం సోఫాలోంచి ఎగిరి "కొట్టాం మామా!" అన్నాడు.

వాడికి ఆ రెండు జట్లలో ఏదీ సొంత జట్టు కాదు. ఫోన్ చూపించాడు. ఆ సెంటర్ ఆ రాత్రి 9.5 రీబౌండ్లకి (బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని పట్టడం) లోపలే ఆగిపోతాడని 25 డాలర్లు కాశాడు. అర రీబౌండ్ ఎలా పడతార్రా అని మేం నవ్వుకున్నాం. వాడు నవ్వలేదు, లెక్క చెప్పాడు. మొదటి క్వార్టర్‌లోనే రెండు ఫౌళ్లు పడితే, ఆరు పడి బయటికి పోతాడేమోనన్న భయంతో ఏ కోచ్ అయినా ఆటగాణ్ని కాసేపు బెంచీ మీద దాచుకుంటాడు. ఆడే నిమిషాలు తగ్గుతాయి. నిమిషాలు తగ్గితే రీబౌండ్లు తగ్గుతాయి. అంటే ఎవరూ పట్టించుకోని ఒక్క ఈల, మ్యాచ్ ఎవరు గెలుస్తారన్న దానితో సంబంధమే లేకుండా, వాడి జేబులో డబ్బు వేసింది.

ఆ ఈల ఊదిన రిఫరీ తప్పు చేశాడని నేననడం లేదు. చాలావరకు సరైన ఫౌలే అనుకుంటాను. కానీ ఆ రాత్రి నుంచి నా బుర్రలో ఒక ప్రశ్న దిగి కూర్చుంది. అది తప్పని రేపు ఎవరికైనా అనుమానం వస్తే, ఎక్కడికెళ్లి చూసుకోవాలి?

బాస్కెట్‌బాల్ రిఫరీల మీద అనుమానం కొత్తది కాదు, ఊరికే పుట్టిందీ కాదు. దానికో పేరుంది: టిమ్ డోనగీ. ఎన్‌బీఏలో 13 సీజన్లు రిఫరీగా చేశాడు. 2007 జులైలో రాజీనామా చేశాడు. కొద్ది రోజులకే సంగతి పత్రికల్లోకి ఎక్కింది. తను ఆడిస్తున్న మ్యాచ్‌ల మీదే అతను పందేలు కాశాడు, తనకి తెలిసిన లోపలి సమాచారాన్ని జూదగాళ్లకి అమ్మాడు. న్యూయార్క్‌లో గాంబినో మాఫియా కుటుంబం మీద ఎఫ్‌బీఐ దర్యాప్తు చేస్తుంటే ఈ తీగ దొరికింది. లీగ్ పట్టుకోలేదు. ఎఫ్‌బీఐ వచ్చి చెప్తేనే లీగ్‌కి తెలిసింది.

ఏర్పాటు చాలా మామూలుగా ఉంటుంది, అదే నన్ను భయపెడుతుంది. పందేలు నడిపించిన జేమ్స్ బటిస్టా, మధ్యవర్తి థామస్ మార్టినో, డోనగీ ముగ్గురూ పెన్సిల్వేనియాలో ఒకే హైస్కూల్లో చదువుకున్నారు. ఫోన్లో జట్టు పేరు ఎత్తరు. మార్టినో అన్నదమ్ముల్లో ఒకరి పేరు చెప్తే సొంతూరి జట్టు, ఇంకొకరి పేరు చెప్తే బయటినుంచి వచ్చిన జట్టు. చెప్పింది ఫలిస్తే డోనగీకి 2,000 డాలర్లు, తర్వాత అది 5,000 అయింది. తప్పితే అతని చేతినుంచి పైసా పోదు. 2007 ఆగస్టు 15న బ్రూక్లిన్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది 15 నెలల జైలు పడింది.

ఇక్కడ స్ప్రెడ్ అంటే ఏంటో చెప్పుకోవాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. చిన్నప్పుడు పరుగు పందెంలో చిన్నోణ్ని పది అడుగులు ముందు నిలబెట్టేవాళ్లం కదా, అదే. బలమైన జట్టుకి బుకీలు 6.5 పాయింట్ల స్ప్రెడ్ పెడితే, ఆ జట్టు మీద కాసినవాడికి కనీసం ఏడు పాయింట్ల తేడాతో గెలిస్తేనే డబ్బు. ఆరుతో గెలిస్తే ఊరంతా పండగ చేసుకుంటుంది, వీడు మాత్రం ఓడిపోతాడు. కాబట్టి అవినీతి చెయ్యదలుచుకున్న రిఫరీ ఎవరినీ ఓడించక్కర్లేదు. గెలిచేవాణ్ని గెలవనిచ్చి, తేడా ఒక్కటి సర్దితే చాలు. నాలుగు ఫ్రీ త్రోల (ఫౌల్‌కి పరిహారంగా ఎవరూ అడ్డం లేకుండా బుట్టకేసే షాట్ల) పని. మీకూ నాకూ అది కనపడదు, ఎందుకంటే మనం చూసేది ఎవరు గెలిచారన్నదే.

డోనగీ మాత్రం నేను ఈలలు మార్చలేదు, నాకున్న సమాచారంతోనే జోస్యం చెప్పానని అంటూ వచ్చాడు. ఏ మ్యాచ్‌కి ఏ రిఫరీలు వస్తున్నారో అప్పట్లో ఆటకి కాస్త ముందుదాకా రహస్యం. ఎవరికి ఏ ఆటగాడంటే పడదో, ఎవరు సొంతూరి జనం అరుపులకి లొంగుతారో అతనికి తెలుసు. నాకా మాట మీద పూర్తి నమ్మకం లేదు. తన మ్యాచ్ మీద తనే డబ్బు కాసినవాడి చెయ్యి ఈల దగ్గర ఎంత నిష్పక్షపాతంగా ఉంటుంది? 'కావాలని చెయ్యలేదు' అన్నది నిజమే అయినా సరిపోదు.

ఈ మాట ఊహించి చెప్పడం లేదు. ఒకసారి నేనూ ఈల పట్టుకున్నాను. రెండేళ్ల కిందట మావైపు తెలుగు పిల్లల వేసవి టోర్నమెంట్‌కి రావలసిన రిఫరీ రాలేదు, కాలేజీలో ఆడానన్న పాపానికి నన్ను నిలబెట్టారు. పన్నెండేళ్ల పిల్లలు. ఒకడు బంతితో బుట్టకేసి దూసుకొచ్చాడు, ఇంకొకడు అడ్డం నిలబడ్డాడు, ఇద్దరూ ఢామ్మని పడ్డారు. అడ్డం నిలబడ్డవాడి కాళ్లు ముందే కుదురుకుంటే తప్పు దూసుకొచ్చినవాడిది, లేకపోతే ఇతనిది. నాకు తెలీదు. నిజంగా తెలీదు. ఈల ముందు మోగింది, నిర్ణయం తర్వాత వచ్చింది. అడ్డం నిలబడ్డవాడి మీద వేశాను. వాడు కళ్లనిండా నీళ్లతో "అంకుల్, నేను కదల్లేదు" అన్నాడు. ఆ తర్వాత అయిదు నిమిషాలకి అవతలి పిల్లాడి మీద ఒక ఫౌల్ వేశాను. అసలది ఫౌలే కాదు. ఆ క్షణంలో ఆ సంగతి నాకు తెలీదు. రాత్రి పడుకున్నాక తెలిసింది. ఒక పిల్లాడి కన్నీళ్లకే నా ఈల వంగితే, 2,000 డాలర్లకి ఎంత వంగుతుంది? వంగిన సంగతి నాకైనా తెలుస్తుందా?

అందుకే ప్రతి తప్పు ఈలలోనూ కుట్ర చూసేవాళ్లతో నేను కలవలేను. 2002 మే 31న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన లేకర్స్, సాక్రమెంటో కింగ్స్ ఆరో మ్యాచ్ గురించి ఇప్పటికీ వాదించుకుంటారు. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో కింగ్స్ 3-2తో ముందున్నారు, ఇంకొక్కటి గెలిస్తే ఫైనల్స్. నాలుగో క్వార్టర్ ఒక్కదాంట్లోనే లేకర్స్‌కి 27 ఫ్రీ త్రోలు వచ్చాయి. కింగ్స్‌కి మ్యాచ్ మొత్తం మీద వచ్చినవి 25. చివర్లో లేకర్స్ ఆటగాడు కోబీ బ్రయంట్ మోచెయ్యి కింగ్స్ ఆటగాడు మైక్ బిబీ ముక్కుకి తగిలింది, ఫౌల్ మాత్రం బిబీ మీద పడింది. లేకర్స్ 106-102తో గెలిచారు, ఏడోదీ గెలిచారు. వినియోగదారుల హక్కుల కోసం పోరాడే రాల్ఫ్ నేడర్ లాంటివాడు కూడా ఉండబట్టలేక లీగ్ అధిపతి అయిన కమిషనర్‌కి ఉత్తరం రాశాడు. 2008లో డోనగీ, సిరీస్‌ని ఏడో మ్యాచ్‌దాకా లాగడానికి ఇద్దరు రిఫరీలు అలా ఆడించారని ఆరోపించాడు. లీగ్ కొట్టిపారేసింది. దొంగ మాటే కదా అంది.

నేనా మ్యాచ్ చాలాసార్లు చూశాను. రిఫరీయింగ్ ఘోరంగా ఉంది. అంతకుమించి నాకేమీ రుజువు కాలేదు. ఘోరం అనేది కుట్రకి సాక్ష్యం కాదు. కానీ 'దొంగ మాట' అన్న జవాబు కూడా జవాబు కాదు. దొంగ పట్టుబడ్డాకే కదా మిగతా తాళాలన్నీ సరిచూసుకునేది.

లీగ్ సరిచూసుకుంది కూడా, కాదనను. లారెన్స్ పెడోవిట్జ్ అనే మాజీ ప్రాసిక్యూటర్‌తో దర్యాప్తు చేయించి 2008 అక్టోబర్‌లో నివేదిక బయటపెట్టింది. ఇంకే రిఫరీ ఈ నేరంలో ఉన్నట్టు ఆధారాల్లేవని తేల్చారు. ఆ మధ్యలో ఒక తమాషా బయటపడింది. రిఫరీలు జూదం ఆడకూడదని ఒప్పందంలో రాసుంది. విచారిస్తే 56 మందికి 56 మందీ ఆ నిబంధన ఏదో ఒక రకంగా మీరినవాళ్లే. సగానికి పైగా కాసినోల్లో ఆడినవాళ్లు. కమిషనర్ డేవిడ్ స్టెర్న్ ఎవరినీ శిక్షించలేదు, నిబంధననే సడలించాడు. తరగతి మొత్తం ఫెయిలైతే పాస్ మార్కు తగ్గించినట్టు. అయితే ఒక మంచి పని జరిగింది. అప్పటినుంచి ఏ మ్యాచ్‌కి ఏ రిఫరీలో అదేరోజు పొద్దున 9 గంటలకి ప్రకటిస్తున్నారు. డోనగీ అమ్ముకున్న రహస్యం ఇప్పుడు అందరికీ ఉచితం. ఈ ఒక్క మార్పు వంద ఉపన్యాసాల పెట్టు.

ఇప్పుడు కథ మా న్యూజెర్సీకి వస్తుంది. క్రీడల మీద బెట్టింగ్‌ని చట్టబద్ధం చెయ్యాలని ఈ రాష్ట్రం పట్టుబడితే, వద్దని 2012లో కోర్టుకెక్కిన లీగుల్లో ఎన్‌బీఏ కూడా ఉంది. ఆట పవిత్రత దెబ్బతింటుందన్నారు. ఆ కేసు నడుస్తుండగానే, 2014 నవంబర్‌లో కొత్త కమిషనర్ ఆడమ్ సిల్వర్, బెట్టింగ్‌ని చట్టంలోకి తెచ్చి నియంత్రించాలని పత్రికలో వ్యాసం రాశాడు. 2018 మే 14న సుప్రీంకోర్టు న్యూజెర్సీ వైపు తీర్పిచ్చింది. జులై నెలాఖరుకి ఎన్‌బీఏ ఒక కాసినో కంపెనీతో అధికారిక భాగస్వామ్యం కుదుర్చుకుంది. తీర్పుకీ ఒప్పందానికీ మధ్య మూడు నెలలు కూడా లేవు. మన పెళ్లిసంబంధాలే అంత తొందరగా కుదరవు.

సిల్వర్ వాదనలో పస లేకపోలేదు. చీకట్లో జరిగేదాన్ని వెలుగులోకి తెస్తే పట్టుకోవడం తేలిక. జాన్‌టే పోర్టర్ అలాగే దొరికాడు. టొరాంటో రాప్టర్స్‌లో చిన్న ఆటగాడు, జూదం అప్పుల్లో మునిగాడు. 2024 మార్చి 20న ఒంట్లో బాలేదని మూడు నిమిషాలు కూడా ఆడకుండా కోర్టు దిగిపోయాడు. అతని అంకెలన్నీ తక్కువే ఉంటాయని ముందే ఒకడు 80,000 డాలర్లు కాసి ఉన్నాడు. వస్తే 11 లక్షలు. అనుమానం వచ్చి ఆ డబ్బు ఆపేశారు, నెలలోపే పోర్టర్‌ని జీవితాంతం బహిష్కరించారు. తర్వాత కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 2025 అక్టోబర్‌లో టెరీ రోజియర్‌ని అరెస్టు చేశారు. 2023లో షార్లట్ జట్టుకి ఆడుతూ ఒక మ్యాచ్‌లోంచి ముందే తప్పుకుంటానని స్నేహితుడికి చెప్పాడని ఆరోపణ. అతను నిర్దోషినంటున్నాడు, అది కోర్టు తేల్చాలి.

ఈ ఇద్దరూ ఆటగాళ్లు, రిఫరీలు కారు. డోనగీ తర్వాత ఎన్‌బీఏ రిఫరీ ఎవరూ ఇలా దొరకలేదు. ఇది నా వాదనకి వ్యతిరేకంగా ఉన్న నిజం, దాచను. కానీ పోర్టర్ ఎలా దొరికాడో మళ్లీ చూడండి. అత్యాశకి పోయి దొరికాడు. ఎవరికీ తెలియని ఆటగాడి మీద 80,000 పడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. అదే డబ్బు వందమంది ఖాతాల్లోంచి పెద్ద ఆటగాడి మీద చిల్లరగా పడితే? ఆ ఆటగాడు తనంతట తను తప్పుకోకుండా, రెండు ఈలలతో బెంచీ మీదకి పోతే? అక్కడ నొప్పి నటించాల్సిన పని కూడా లేదు.

భీమవరం వైపు సంక్రాంతికి బరి దగ్గర నిలబడి చూసినవాళ్లకి తెలుసు. అసలు పందెం ఒకటే, చుట్టూ పైపందేలు వంద. బరిలో కోడి చూసుకునేది గెలుపోటములే. పైపందెం కాసేవాడికి ఇంకేదైనా పందెమే. డోనగీ కాలంలో పైపందేలు తక్కువ. ఇప్పుడు దాదాపు ప్రతి ఆటగాడి ప్రతి అంకె మీదా పందెం ఉంది. అంటే ప్రతి ఈలకీ ఎక్కడో ఒక ధర ఉంది.

దీనికి లీగ్ దగ్గరున్న జవాబు ఏంటి? 2015 మార్చి నుంచి ఆఖరి రెండు నిమిషాల నివేదిక అని ఒకటి ఇస్తున్నారు. తక్కువ తేడాతో నడిచిన మ్యాచ్‌లో చివరి రెండు నిమిషాల్లో ఊదిన ఈలలూ ఊదని ఈలలూ ఒక్కొక్కటీ తీసి, ఇది సరి, ఇది తప్పు అని మర్నాడు బయటపెడతారు. మంచిదే. మొదట్లో అయిదు పాయింట్ల తేడా లోపు మ్యాచ్‌లకి ఇచ్చేవాళ్లు, తర్వాత మూడుకి కుదించారు. ఇప్పుడు స్ప్రెడ్ గుర్తు తెచ్చుకోండి. 6.5 స్ప్రెడ్ ఉన్న మ్యాచ్ ఆరా ఏడా అన్న దగ్గర తేలుతుంది. చివరి రెండు నిమిషాలూ ఆ చుట్టూనే తిరిగితే ఆ మ్యాచ్‌కి నివేదికే ఉండదు. రీబౌండ్ల పందెం మొదటి క్వార్టర్‌లోనే తేలిపోవచ్చు. దానికీ ఉండదు. 48 నిమిషాల ఆటలో 46 నిమిషాలు పరదా వెనకే. మ్యాచ్ ఎవరు గెలిచారన్న ప్రశ్నకి కట్టిన కాపలా అది. డబ్బు తిరిగేది మాత్రం మిగతా ప్రశ్నల మీద.

లీగ్ దగ్గర సమాచారం లేక కాదు. రిఫరీల పనిని లీగ్ లోపల సమీక్షిస్తూనే ఉంటుంది, మార్కులేస్తుంది, ఆ మార్కుల్ని బట్టే సీజన్ చివర్లో టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌కి ఎంపిక చేస్తుంది. డోనగీ కూడా 2007 ప్లేఆఫ్స్‌లో ఆడించినవాడే. అంటే ఆ మార్కుల్లో అతను గట్టెక్కాడు. లోపలివాళ్లు లోపలే దిద్దుకునే పరీక్ష ఎంత గట్టిదో ఇంతకంటే రుజువేం కావాలి?

బయటపెడితే ఏమవుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలున్నాయి. ఒకటి బేస్‌బాల్‌ది. పాట్ హోబర్గ్ అని ఒక అంపైర్. 2022 వరల్డ్ సిరీస్‌లో రెండో మ్యాచ్‌లో తను తేల్చాల్సిన 129 బంతుల్లో ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. అలాంటివాణ్ని 2025 ఫిబ్రవరిలో ఉద్యోగంలోంచి తీసేశారు, బేస్‌బాల్ మీద పందేలు కాసే స్నేహితుడితో బెట్టింగ్ ఖాతాలు పంచుకున్నాడని. అంత గొడవలోనూ అతని నిర్ణయాల మీద ఆరోపణ నిలవలేదు. ప్రతి బంతి ఎక్కడ పడిందో, అతనేం చెప్పాడో జనం దగ్గర లెక్కుంది మరి. ఆ లెక్కే అతన్ని దొంగ అన్న మాటనుంచి కాపాడింది. రెండోది బాస్కెట్‌బాల్‌దే. జస్టిన్ వోల్ఫర్స్, జోసెఫ్ ప్రైస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 13 సీజన్ల లెక్కలు తీసి, రిఫరీల ఫౌళ్లలో చర్మం రంగు ప్రభావం కొద్దిగా కనిపిస్తోందన్నారు. 2007లో అది పత్రికల మొదటి పేజీకెక్కింది. లీగ్ ఒప్పుకోలేదు. తర్వాతి సీజన్ల లెక్కలు మళ్లీ తీస్తే ఆ తేడా మాయమైంది. ఎవరో లెక్కపెడుతున్నారని తెలిసిన చెయ్యి కుదురుగా ఉంటుంది.

అన్నీ బయటపెడితే రిఫరీలని జనం పీక్కుతింటారని ఒక వాదన. అందులో కొంత నిజముంది. పందెం పోయినవాడి బూతులు ఎలా ఉంటాయో ఇవాళ ఏ ఆటగాణ్ని అడిగినా చెప్తాడు. కానీ మౌనం రిఫరీలని కాపాడుతోందా? 2023 జనవరిలో బోస్టన్‌లో చివరి క్షణంలో లేకర్స్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ చెయ్యి మీద బోస్టన్ ఆటగాడు జేసన్ టేటమ్ కొట్టాడు, ఈల మోగలేదు. లెబ్రాన్ మోకాళ్ల మీద కూలబడి నేలకి తలానించాడు. అతని సహ ఆటగాడు ప్యాట్రిక్ బెవర్లీ ఒక ఫోటోగ్రాఫర్ కెమెరా తెచ్చి రిఫరీకి చూపించబోయాడు, ప్రవర్తన బాలేదని వేసే టెక్నికల్ ఫౌల్ తిన్నాడు. మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి పోయి లేకర్స్ ఓడారు. మర్నాడు రిఫరీల సంఘమే, తప్పు చేశాం, మాకూ కడుపు తరుక్కుపోతోందని రాసింది. నాకు తెలిసిన లేకర్స్ పిచ్చోళ్లు కూడా ఆ మాటకి కాస్త చల్లబడ్డారు. మొదటి క్వార్టర్ తప్పుల్ని కూడా అలా ఒప్పుకుంటే ఆకాశం ఊడిపడదు.

మేం హైదరాబాద్‌లో పెరిగిన తరం. అజారుద్దీన్ మణికట్టు చూసి క్రికెట్ నేర్చుకున్నవాళ్లం. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారం బయటికొచ్చి అతన్ని జీవితాంతం నిషేధించినప్పుడు మా నాన్న వారం రోజులు పేపర్ ముట్టలేదు. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. చట్టం దృష్టిలో అది అక్కడితో అయిపోయింది. మా నాన్నకి అవలేదు. ఇప్పటికీ పాత స్కోర్లు చూస్తూ 'ఇదీ అంతేనేమో' అంటాడు. అప్పుడు చూసి ఆనందించిన మ్యాచ్‌లు కూడా వెనక్కి తిరిగి అనుమానంలో పడిపోయాయి.

మావాడి 25 డాలర్లు ఆ రాత్రి 46 అయ్యాయి. ఆ సెంటర్ మళ్లీ రెండో క్వార్టర్ చివర్లో గానీ రాలేదు, ఏడు రీబౌండ్ల దగ్గర ఆగిపోయాడు. ఆ ఫౌల్ సరైనదో కాదో తెలుసుకుందామని మర్నాడు లీగ్ సైట్ వెతికాను. మ్యాచ్ తొమ్మిది పాయింట్ల తేడాతో ముగిసింది. నివేదిక లేదు.

మొన్న శుక్రవారం మళ్లీ అక్కడే కలిశాం. నేను చెప్పులు విప్పుతుంటేనే పందెం కాసే మావాడు అడిగాడు, "మామా, ఇవాళ రిఫరీలెవరో చూశావా?" అని.

చూశాను. పొద్దున తొమ్మిదింటికే చూశాను. ఆడేది ఏ జట్లో మాత్రం వాడు చెప్పేదాకా నాకు గుర్తు లేదు.